గోస్తని పుట్టింటికి

సూళ్లూరుపేట వాళ్లం నదుల ఆఖరి మజిలీ చూసినవాళ్లమే తప్ప పుట్టుక చూసినవాళ్లం కాదు. కాళంగి మా ఊరిని ఒరుసుకుంటూ పోయి పులికాట్‌లో కలిసిపోతుంది. కాస్త ఉత్తరానికి పోతే స్వర్ణముఖి వాకాడు దాటి సముద్రంలో పడుతుంది. ఇంకా పైకి పోతే ఊటుకూరు దగ్గర పెన్న. నెల్లూరు తీరమంతా ఇదే వరస. నీళ్లు ఎక్కడో పుట్టి, ఎవరి పొలాలో తడిపి, ఏ చెరువులకో పంచిపెట్టి, మిగిలితే మా దాకా వస్తాయి. ఎండాకాలం అదీ ఉండదు. నది అంటే మాకు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. తుఫాను పట్టినప్పుడు మాత్రం దాని పేరు అందరి నోటా వినిపిస్తుంది.

అందుకేనేమో మా మేనత్తకు నది పుట్టే చోటు చూడాలన్న కోరిక గట్టిగా పట్టుకుంది. మామూలు చోటు కాదు, అక్కడ గుహలో శివుడుండాలి. మొదట అమర్‌నాథ్ అంది. ఆ మంచులింగం దగ్గరికి పోవడానికి వయసు పైబడినవాళ్లను రానివ్వరని చెప్పాను. గోదావరి పుట్టే త్ర్యంబకం అన్నాను, కావేరి పుట్టే తలకావేరి అన్నాను. "గుహ ఉండాదా?" అని అడిగింది. చివరికి ఇద్దరం బొర్రా దగ్గర రాజీ పడ్డాం. గోస్తని నది పుట్టే గుహ, అందులో స్వయంభువు లింగం, పైగా మన రాష్ట్రంలోనే. జిల్లా పేరు అడిగితే అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నాను. "వైజాగు కదరా?" అంది. 2022 ఏప్రిల్ 4న మా సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయిన రోజే, బొర్రా కూడా విశాఖపట్నం నుంచి విడిపోయింది. మా అత్త మాత్రం ఇప్పటికీ నెల్లూరు జిల్లాలోనే ఉంటోంది.

గూడూరు పోయి రాత్రి బండి పట్టుకుని విశాఖ చేరాం. అక్కణ్ణించి కొండబండి, అంటే కిరండూల్ పాసింజరు. కొత్తవలస, శృంగవరపుకోట దాకా మామూలు రైలే. బొడ్డవర దాటాక దాని గొంతు మారిపోతుంది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో సొరంగాలే 58 ఉన్నాయి. ఒక్కో సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా ఒక్క గొంతుతో కేకపెట్టారు. రెండు మూడు సొరంగాలు దాటేసరికి పెద్దవాళ్లూ మొదలుపెట్టారు. మా అత్త మాత్రం ప్రతి చీకట్లోనూ మా ఊరి అమ్మవారిని తలుచుకుని "చెంగాళమ్మ తల్లీ" అనుకుంటూ కూచుంది. శివలింగపురం అనే స్టేషన్ వచ్చినప్పుడు కిటికీలోంచే దణ్ణం పెట్టింది. తర్వాత స్టేషన్ త్యాడ. ఎవరో ఆ పేరు గట్టిగా చదివితే ఉలిక్కిపడింది. "తడా? ఏందిరా, మళ్లా మనూరికే వచ్చినామా?" మా ఊరి నుంచి మద్రాసు వైపు పోతే తగిలే తడ ఆమె చెవిలో అంతగా నాటుకుపోయింది మరి.

ఈ రైలుదారి యాత్రికుల కోసం వేసింది కాదు. బస్తర్ కొండల్లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాన్‌కు ఎగుమతి చేయాలని 1960లలో కొండలు తొలిచి వేశారు. ఇప్పటికీ ఎదురొచ్చే బళ్లలో ఎక్కువ ఎర్రదుమ్ము పట్టిన గూడ్సులే. మా బండి వాటికి దారిచ్చి చాలాసేపు ఆగింది. ఆగిన చోటల్లా ఒక మంచి లోయ కనబడింది కాబట్టి ఎవరూ విసుక్కోలేదు. చిమిడిపల్లి దాటి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాం. గుహల కప్పు మీదుగానే ఈ రైలు పోతుందని కింద గుహలో మాకు దారి చూపిన కుర్రవాడు తర్వాత చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. లోపలున్నంతసేపూ నా చెవి పైకే ఉంది.

గుహల దగ్గర మొదట పలకరించేది దేవుడు కాదు, బొంగులో చికెన్. పచ్చి వెదురుబొంగుల్లో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద వరసగా ఆనించి పెట్టారు. ఆ వాసన కొండ మలుపు నుంచే మొదలవుతుంది. అది సోమవారం. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందుకు నడిచింది. నేను వెనక్కి వచ్చేటప్పుడు తినాలని లెక్క వేసుకున్నాను. కోతులు కూడా ఏవో లెక్కలు వేసుకుంటూ గోడ మీద కూచున్నాయి.

ఈ గుహలను 1807లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పర్యాటక పుస్తకాలన్నీ రాస్తాయి. ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం రాస్తే ఇలాగే ఉంటుంది. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. అందులో పనిచేసిన విలియం కింగ్ 1833లో పుట్టినవాడు. పుట్టకముందే గుహను కనుక్కోవడం సిద్ధులకే చెల్లుతుంది. సంవత్సరం సంగతి పక్కన పెడితే, కనుగొనడం అన్న మాట దగ్గర కూడా నాకు పేచీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రజ్ఞులకు ఈ గుహల్లో పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. వేల ఏళ్ల కిందట ఎవరో ఇక్కడ కూచుని రాయిని రాయితో చెక్కుకున్నారన్నమాట. ఆ తర్వాత కూడా ఈ కొండల్లో ఊళ్లున్నాయి, పశువులున్నాయి, వాటి వెంట తిరిగే మనుషులున్నారు. దొరగారు వచ్చేదాకా ఇంత పెద్ద నోరు తెరుచుకున్న కొండను ఎవరూ చూడలేదంటే నమ్మేదెలా?

నిజంగానే అది పెద్ద నోరు. వందేళ్ల మర్రిచెట్టును మానుతో సహా లోపలికి తీసుకుపోవచ్చు అనిపించేంత ఎత్తు, అంతకు మించిన వెడల్పు. మెట్లు దిగుతూ ఉంటే బయటి ఎండ పది అడుగుల్లో ఆగిపోతుంది. చల్లదనం ముందు కాళ్లకు తెలుస్తుంది, తర్వాత మెడకు. గబ్బిలాల వాసన. ఎక్కడో నీటి చుక్క పడిన చప్పుడు, కాసేపటికి ఇంకో చోట ఇంకొకటి. గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, లోపలికి సుమారు 80 మీటర్ల లోతుకు పోతాయి. కొండ ఎక్కి వచ్చి మళ్లీ కొండలోకే దిగుతాం. లోపల ఊదా, ఆకుపచ్చ, ఎరుపు రంగుల దీపాలు పెళ్లిపందిరికి వేసినట్టు వేశారు. రాయికి తనదంటూ ఒక రంగు ఉంది, తేనెకూ తెలుపుకూ నడుమ. దీపం లేని మూలల్లో సెల్‌ఫోన్ వెలుతురులో అది కనబడినప్పుడు, ఈ రంగులన్నీ ఎవరికోసం అనిపించింది.

మా వెంట వచ్చిన కుర్రవాడు అక్కడి కొండ ఊరివాడే. టార్చి తిప్పుతూ పేర్లు చెప్పుకుంటూ పోయాడు. "ఇటు సూడండి బాబూ, శివపార్వతులు. అది ముని గెడ్డం. అదిగో మొసలి. ఇది మనిషి మెదడు. తల్లీ బిడ్డా." అత్త అన్నిటికీ తలాడించి, మొసలి దగ్గర ఆగిపోయింది.

"ఇది మొసలంటే మొసలి, బల్లి అంటే బల్లి గదా నాయనా?"

"మామ్మా, బంగారు బల్లి నిజంగానే ఉంటాది ఇక్కడ. రాళ్ల సందుల్లో. రాత్రిపూట తిరుగుతాది."

"కంచిలో ముట్టుకోనుండా నేను బంగారు బల్లిని," అంది అత్త, ఆ విషయంలో తనకు కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ లేదన్నట్టు. కుర్రవాడు చెప్పింది మాత్రం నిజమే. తూర్పు కనుమల రాతి సందుల్లో బతికే బంగారు రంగు బల్లి ఒకటుంది. మా తిరుమల కొండల్లోనూ ఉంది. ఆ పగటిపూట మాకు కనబడలేదు.

పేర్ల సంగతి ఎలా ఉన్నా, ఆ రాళ్లు తయారైన తీరు తెలిస్తే ఏ పేరూ అక్కరలేదు. వాన చుక్క గాలిలోంచి, ఆపైన కొండ మీది ఆకుమట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. నాలుకకు తెలియనంత పులుపు. ఆ పులుపుకే సున్నపురాయి కరుగుతుంది. కరిగిన సున్నాన్ని మోసుకుంటూ చుక్క సందుల్లోంచి కిందికి దిగి, గుహ కప్పు దగ్గర వేలాడుతుంది. అక్కడ గాలి తగిలి ఆ వాయువు వదిలిపోతుంది. మోయలేని సున్నాన్ని చుక్క అక్కడే వదిలేసి రాలిపోతుంది. కప్పు నుంచి కిందికి దిగిన కొసల్ని స్టాలక్టైట్లు అంటారు. రాలిన చుక్క నేల మీద కూడా కాస్త సున్నం విడిచిపెడుతుంది, అది పైకి లేస్తుంది, దాన్ని స్టాలగ్మైట్ అంటారు. ప్రపంచంలో చాలా గుహల్లో ఇవి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు లెక్కన పెరుగుతాయని చెబుతారు. ఆ లెక్కన ఒక జానెడు రాయి లేవాలంటే రెండు వేల ఏళ్లు పడుతుంది. పాండవుల కాలం, చోళుల కాలం అని మనం గుడికి వయసు చెప్పే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

లింగం గుహ లోపలి నేల నుంచి ఇంకా పైకి, రాతి మధ్య ఒక ఇరుకు చోట ఉంది. నిటారుగా ఉన్న మెట్లు, చేతికి ఇనుప కమ్మీ. అత్త మోకాళ్ల సంగతి నాకు తెలుసు. కింద నుంచే దణ్ణం పెట్టుకుందాం అన్నాను. ఆమె నా మాట వినిపించుకోకుండా చెప్పులు విప్పింది. కుర్రవాడు ముందు, ఆమె మధ్యన, నేను వెనక. మెట్టుకొక "శివా". పైన పూజారి విభూతి పళ్లెంతో కూచుని ఉన్నాడు. లింగం చిన్నది. పక్కన పూలు, దీపం, అగరొత్తుల పొగ. దాని పైభాగాన రాతి కప్పు నుంచి ఆవు పొదుగులా దిగిన రాతికొస ఉంది. దాన్ని కామధేనువు అంటారు. దాని నుంచి నీరు లింగం మీద పడుతుంది, నది పేరు ఆ పొదుగు మీదే వచ్చింది.

మా ఊరి శివాలయంలో లింగం మీద రాగి ధారాపాత్ర వేలాడదీస్తారు. పూజారి పొద్దున నింపుతాడు, సాయంత్రానికి ఖాళీ అవుతుంది. ఇక్కడ పాత్రా రాయే, పడే నీటిలో ఉన్నదీ రాయే, కింద దేవుడూ ఆ నీరు విడిచిన రాయే. అభిషేకం చేసేకొద్దీ లింగం పెరిగింది అనుకోవాలి. శిల్పి లేడు, ప్రతిష్ఠ చేసిన రాజు లేడు, శాసనం లేదు. ఎన్నో గుళ్లలో స్వయంభువు అన్న మాట విన్నాను. ఆ మాటకు ఇంత సూటి సాక్ష్యం మాత్రం ఎక్కడా చూడలేదు. భక్తుడికీ భూవిజ్ఞాన శాస్త్రవేత్తకూ ఈ లింగం దగ్గర పోట్లాట రావలసిన పని లేదు. ఇద్దరూ నీటినే చూపిస్తారు.

పూజారి కథ చెప్పాడు. కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి గుహ కప్పులోని కంతలోంచి లోపలికి పడిపోయింది. కాపరి వెతుక్కుంటూ వచ్చి, ఈ గుహ దారి కనుక్కుని, లోపలికి దిగి చూస్తే ఆవు క్షేమంగా ఉంది, దగ్గర్లో లింగాకారపు రాయి ఉంది. ఆవును కాపాడింది శివుడేనని ఊరివాళ్లు నమ్మి కొలవడం మొదలుపెట్టారు. కప్పులో ఆ కంత ఇప్పటికీ ఉంది. అందులోంచి పగటి వెలుతురు ఒక పాయగా నేలకు దిగుతోంది. అంత ఎత్తు నుంచి పడి బతికిన ఆవు కథను నమ్మడానికి కష్టపడుతున్న నన్ను అత్త మోచేత్తో పొడిచింది. "మన అమ్మవారి కథ కూడా ఇదే గదరా!"

ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. చెంగాళమ్మ పరమేశ్వరి ఎలా దొరికిందని మా పెద్దల్ని అడిగితే చెప్పే కథ ఇది. పశువుల కాపరులు కాళంగిలో ఈతకు దిగారు. ఒకడు సుడిలో చిక్కుకుని, మునిగిపోతూ చేతికందిన రాయిని పట్టుకుని బతికాడు. ఆ రాయిని ఒడ్డుకు తెచ్చి చూస్తే అమ్మవారు. ఇప్పుడు ఆ గుడికి రాత్రీ పగలూ తలుపు వేయరు. తలుపు పెట్టాలని తెచ్చిన చెక్క చిగురించి చెట్టయిందని ఇంకో కథ.

తిరుమలలో పుట్టలో పాలు కురిసిన ఆవు వెనకా కాపరే ఉన్నాడు. పొద్దున లేచి పశువు వెంట నడిచేవాడికే, అది తప్పిపోతే పొదలూ కంతలూ వాగులూ గాలించేవాడికే ముందుగా దేవుడు దొరుకుతాడు. ఋషులు, రాజులు, స్థలపురాణాలు ఆ తర్వాత వస్తాయి. గుహను కనుగొన్న దొరకు పుస్తకాల్లో పేరుంది, పుట్టకముందు తేదీ కూడా ఉంది. కాపరికి మాత్రం కాళంగి దగ్గరా పేరు లేదు, గోస్తని దగ్గరా పేరు లేదు.

"నది ఏదిరా మరి?" అంది అత్త, కిందికి దిగాక. ఆమె రాక అసలు అందుకే కదా. కుర్రవాడు ఇంకా లోతుగా, చీకటిలోకి పోయే వైపు టార్చి వేశాడు. నీరు గుహ అడుగు నుంచి పోయి కింద లోయలో బయటపడుతుందన్నాడు. కళ్లతో చూడగలిగింది తడిసిన రాళ్లు, చెవులతో వినగలిగింది చుక్కల చప్పుడు. అంతే. అనంతగిరి కొండల మీద కురిసిన వానంతా వాగులై, రాతి కింద దారులు చేసుకుని నదిగా కూడుతుంది. వానే దాని ఆధారం. ఏ నదికైనా ఒక్క చోటు చూపించి ఇక్కడ పుట్టిందనడం మనుషులు చేసుకున్న ఒప్పందమే. నీరు వంద చోట్ల పుడుతుంది, జనం ఒక్క చోట మొక్కుతారు. ఇక్కడి కొండజనం ఎంచుకున్న చోటు ఆవు పొదుగు. ఏటా శివరాత్రికి చుట్టుపక్కల గూడేలన్నీ ఇక్కడికే కదిలి వస్తాయట. ఆ రోజు దీపాల రంగులు ఎవరికీ పట్టవని మా కుర్రవాడి మాట.

దీపాల గురించి ఇంకొక్క మాట. గుహల్లో వెలుతురు ఎక్కువసేపు పడే రాతి మీద పాచి పడుతుంది. వందలాది మంది ఊపిరి గాలినే మార్చేస్తుంది. ఫ్రాన్స్‌లో ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహను జనం ఊపిరికే బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. బొర్రాను మూయమనను. మా చెంగాళమ్మ గుడికి తలుపు లేని ఊరివాణ్ణి, దేవుడి ముందు తలుపు వేయమని ఎలా అంటాను? దీపాలు సగం తగ్గించినా చీకటి మన కళ్లకు అలవాటవుతుందని మాత్రం అంటాను.

బయటికి వచ్చాక అత్త టీ తాగుతూ కూచుంది. నేను నా వెదురుబొంగు తెరిపించుకుని పక్కనున్న పెద్దాయనతో మాట కలిపాను. కొండల వైపు చెయ్యి చూపి, "ఇదంతా తవ్వేసేవోళ్లే బాబూ, కోర్టు ఆపింది గానీ" అన్నాడు. అది దేశమంతా చదువుకున్న కేసు. ఈ బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ దాని మీద సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదన్న చట్టం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, సర్కారు భూమైనా సరే గిరిజనేతర కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో గనుల గొడవ వచ్చినప్పుడల్లా ఇప్పటికీ సమత తీర్పు అని వినబడేది ఇదే.

ఆ లీజుల్లో అడిగిన ఖనిజాల్లో ఒకటి కాల్సైట్. లోపల చుక్క చుక్కగా లింగమై కూచున్నదీ కాల్సైటే. ఒకే పదార్థం, కొండకు ఇవతల విభూతి రాయించుకుంటుంది, అవతల టన్నుల లెక్కన ధర పలుకుతుంది. ఆ పెద్దాయనకు ఈ సంగతి చెబుదామనుకుని ఆగిపోయాను. ఆయనకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో నేరుగా విశాఖ పోకుండా నది వెంబడి దిగుదామని కారు మాట్లాడుకున్నాం. అనంతగిరి కాఫీ తోటల మలుపులన్నీ దాటి మైదానంలోకి వస్తే, విజయనగరం జిల్లాలో తాటిపూడి దగ్గర గోస్తనికి ఆనకట్ట ఉంది. 1960లలో కట్టారు. విశాఖ నగరం తాగే నీళ్లలో ఇక్కడివీ ఉన్నాయి. ముందు రోజు లాడ్జిలో కుళాయి తిప్పి, నీళ్లు చప్పగా ఉన్నాయని వంకపెట్టిన అత్తకు ఈ మాట చెప్పగానే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముందే చెప్పుండాల్సింది, తలమీద చల్లుకునేదాన్ని" అంది.

నది చిట్టివలస మీదుగా పోయి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం 120 కిలోమీటర్లు. డచ్చివాళ్ల పాత సమాధులున్న ఊరు అది. వాటిని చూద్దామంటే అత్త ఒప్పుకోలేదు, శివుణ్ణి చూసొచ్చిన కళ్లతో సమాధులేంది అంది. నది మొగ దగ్గర దిగాం. ఇక్కడ మాత్రం ఆమెకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. ఉప్పుగాలి, బురద, ఒడ్డుకు లాగిన పడవలు, ఎండుచేపలు. పులికాట్ ఒడ్డున పెరిగిన మనిషి. బుట్ట ముందు కూచున్న చేపలావిడతో క్షణంలో బేరంలోకి దిగింది.

"ఇంత చిన్న రొయ్యకు ఇంత ధరా? మా పులికాట్‌లో అయితే..."

"మీ ఊరి మాట నాకెందుకమ్మా, ఇది గోస్తని రొయ్య," అంది ఆవిడ.

"గోస్తని ఎక్కడ పుడతాదో తెలుసునా నీకు?"

"కొండల్నించి వస్తాదంట. మేవెప్పుడూ సూళ్లేదు."

అత్త కొంగు సర్దుకుని ఆవిడ పక్కనే చతికిలబడింది. ఆవు మేస్తోంది, కంతలో పడింది, కాపరి వెతుక్కుంటూ పోయాడు. ఇంతవరకూ పూజారి చెప్పిన కథే. ఆ తర్వాత కాపరి గుహలోని నీళ్లలో ఒక సుడిలో చిక్కుకున్నాడు, చేతికందిన రాయిని పట్టుకున్నాడు, ఆ రాయే శివుడు. చేపలావిడ తూకం ఆపి నోరు తెరిచి వింటోంది. నేను సరిదిద్దలేదు. కథ అయ్యేసరికి రొయ్యల ధర కూడా కాస్త దిగింది.